షో కారుకి గేర్‌బాక్స్ పార్టులు చేయిస్తున్నారా? అడ్వాన్సు కట్టే ముందు ఇది చదవండి

పాతకాలపు స్టైల్లో కారు కట్టుకుంటున్న మిత్రులందరికీ ఒక హెచ్చరిక. గేర్‌బాక్స్‌కి ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌లోకి తెచ్చే కడ్డీ), అడాప్టర్ ప్లేట్ (ఇంజిన్‌కి, గేర్‌బాక్స్‌కి మధ్య బిగించే పలక) లాంటివి ఆర్డర్ మీద చేయించేటప్పుడు దయచేసి తొందరపడకండి. ఈఎన్353 అనే గేర్ల స్టీలు, కార్బరైజింగ్ (వేడి చేసి పైపొరకి కార్బన్ పట్టించడం), గ్రైండింగ్ అని చెప్పి నా దగ్గర డబ్బు తీసుకున్నారు. చేతిలో పెట్టింది మాత్రం మామూలు ఈఎన్8 రాడ్డుతో చేసిన షాఫ్ట్. శాంపిల్‌గా ఇచ్చిన ఒరిజినల్ షాఫ్ట్ కూడా తిరిగి రాలేదు. వర్క్‌షాప్ పేరు ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు వినియోగదారుల కమిషన్‌లో ఉంది, అది తేలేవరకు పేరు బయట పెట్టను. వాళ్లు ఏం చేశారో మాత్రం విడమరిచి చెబుతాను. ఆర్డర్ ఇచ్చేవాళ్లకి లోపల ఏముందో కనిపించని పని ఇది, ఎవరికైనా జరగొచ్చు.

ముందు కారు సంగతి. 1930ల నాటి రెండు సీట్ల ఓపెన్ రోడ్‌స్టర్ రూపంలో రేకు బాడీ, కింద నిచ్చెన ఆకారపు లాడర్ ఛాసిస్, ముందు పాత అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్. గేర్‌బాక్స్ మాత్రం 1990లలో ఇసుజు 1.8 లీటర్ ఇంజిన్‌తో వచ్చిన అంబాసిడర్‌ది, ఐదు గేర్లది. ఇది రోడ్డు మీద తిప్పుకునే బండి కాదు. మోటారు వాహనాల చట్టంలో సెక్షన్ 52 ఉంది, ఇలాంటి మార్పులకు అది ఒప్పుకోదు. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్, అదే 'వీఏ' సిరీస్ నంబరు, యాభై ఏళ్లు దాటి అసలు రూపంలోనే ఉన్న బండ్లకే గానీ మనలాంటివాళ్లు కొత్తగా కట్టుకున్నవాటికి రాదు. అందుకే మా కారు ట్రెయిలర్ ఎక్కి షోకి వెళ్తుంది, ట్రెయిలర్ ఎక్కి తిరిగి వస్తుంది. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, దీన్నే తర్వాత నాకు సాకుగా చూపించారు.

ఆ ఇంజిన్, ఈ గేర్‌బాక్స్ నేరుగా కలవవు. బోల్టు రంధ్రాలు వేరు, క్లచ్ ప్లేట్ స్ప్లైన్లు (షాఫ్ట్‌ని పట్టుకునే గాడులు) వేరు. మధ్యలో అడాప్టర్ ప్లేట్ పెడితే దాని మందం మేరకు గేర్‌బాక్స్ వెనక్కి జరుగుతుంది, అప్పుడు షాఫ్ట్ కొస ఇంజిన్ క్రాంక్ చివర దాన్ని పట్టి ఉంచే స్పిగాట్ బుష్ దాకా అందదు. కాబట్టి ఒక ప్లేటు, ఒక పొడవాటి ఇన్‌పుట్ షాఫ్ట్ కావాలి. నిజానికి చాలా సందర్భాల్లో షాఫ్ట్ కొత్తగా చేయించాల్సిన అవసరమే ఉండదు. క్లచ్ ప్లేట్‌కి గేర్‌బాక్స్ స్ప్లైన్‌కి సరిపోయే హబ్ వేసి రివెట్ చేయించి, కొంచెం ముందుకు పొడుచుకొచ్చేలా స్పిగాట్ బుష్ తిప్పించుకుంటే తక్కువ ఖర్చులో పని అయిపోతుంది. ఈ మాట నేను అడిగాను. "అది కుదరదు సార్, షాఫ్టే చేయాలి" అన్నారు. మీరు అడిగినప్పుడు ఇలాగే కొట్టిపారేస్తే, ఎందుకు కుదరదో కొలతలతో చూపించమనండి.

ఇన్‌పుట్ షాఫ్ట్ చూడ్డానికి ఒక ఇనుప కడ్డీ. కానీ అందులో ఎన్ని పనులున్నాయో చూడండి. ముందు కొస బుష్‌లో తిరగాలి, తర్వాత స్ప్లైన్లు క్లచ్ ప్లేట్‌ని పట్టుకోవాలి, ఆ తర్వాత బేరింగ్ కూర్చునే చోటు, దాని వెనక లే షాఫ్ట్‌ని (పక్కన ఉండి మిగతా గేర్లని తిప్పే షాఫ్ట్‌ని) తిప్పే హెలికల్, అంటే ఏటవాలు పళ్ళ గేరు, దాని వెనక నాలుగో గేరు పట్టుకునే డాగ్ పళ్ళు, గేరు మార్చేటప్పుడు వేగాలు కలిపే సింక్రో రింగ్ రాసుకునే కోన్. ఇవన్నీ ఒకే ముక్క మీద, ఒకే అక్షం మీద ఉండాలి. పైపొర గట్టిగా, లోపల సాగే గుణంతో ఉండాలి. అందుకే ఈఎన్353, 20ఎంఎన్‌సీఆర్5 లాంటి తక్కువ కార్బన్ స్టీళ్లు వాడతారు. పళ్ళు కోశాక కార్బన్ పట్టించి గట్టిపరిస్తే పైన దాదాపు ఒక మిల్లీమీటరు లోతు వరకు 58 నుంచి 62 హెచ్ఆర్‌సీ (రాక్‌వెల్ కొలమానం) గట్టిదనం వస్తుంది, లోపలి భాగం అంత పెళుసెక్కదు. ఆ వేడికి షాఫ్ట్ కొద్దిగా వంగుతుంది కాబట్టి చివర్లో గ్రైండింగ్ తప్పనిసరి. ఖర్చంతా ఇక్కడే. మోసం కూడా ఇక్కడే.

కొటేషన్‌లో ఇవన్నీ ఉన్నాయి. మెటీరియల్ సర్టిఫికెట్ ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా. సగానికి పైగా అడ్వాన్సు తీసుకున్నారు. చెప్పిన గడువు దాటి చాలా రోజులు తిప్పించుకుని, చివరికి పార్టులు ఇచ్చారు. అద్దంలా మెరుస్తున్నాయి. బఫ్ కొట్టి, నూనె రాసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఇచ్చారు. చూసినవాళ్లంతా బాగా చేశారన్నారు.

బిగించాక, ఊరవతల ఒక ఖాళీ లేఅవుట్‌లో నెమ్మదిగా నడిపి చూశాం. ఒకటి, రెండు, మూడు గేర్లలో ఒకటే ఏడుపు శబ్దం, వేగం పెరిగేకొద్దీ శబ్దం కీచుగా మారుతూ చెవులు చిల్లులు పడేలా. నాలుగో గేరులోకి వెయ్యగానే శబ్దం పోయింది. హమ్మయ్య అనుకునేలోపే యాక్సిలరేటర్ వదిలితే చాలు, గేరు దానంతట అదే ఊడిపోయి న్యూట్రల్‌లోకి వచ్చేస్తోంది.

ఈ రెండు లక్షణాలూ కలిపి చూస్తే తప్పు ఎక్కడుందో బండే చెబుతుంది. ఈ గేర్‌బాక్స్‌లో నాలుగో గేరు డైరెక్ట్. ఇన్‌పుట్ షాఫ్ట్, మెయిన్ షాఫ్ట్ (చక్రాల వైపు తిప్పే షాఫ్ట్) ఒకదానికొకటి నేరుగా కరుచుకుని తిరుగుతాయి, లే షాఫ్ట్ మీద బరువు పడదు. మిగతా గేర్లన్నిటిలో బరువంతా ఇన్‌పుట్ గేరు పళ్ళ మీదుగానే లే షాఫ్ట్‌కి పోతుంది. నాలుగులో శబ్దం లేక మిగతావాటిలో ఉందంటే అనుమానించాల్సింది ఇన్‌పుట్ గేరు పళ్ళ కోతనే. నాలుగే ఊడిపోతోందంటే డాగ్ పళ్ళు చూడాలి. ఒరిజినల్‌లో డాగ్ పళ్ళు నిటారుగా ఉండవు, మొదలు వైపు కొద్దిగా సన్నబడి, గేరు వేసినప్పుడు జరిగి వచ్చి పళ్ళని పట్టుకునే స్లీవ్‌ని లోపలికి లాక్కునే వాలుతో ఉంటాయి. వీళ్లు నిటారుగా కోసేశారు. ఆ చిన్న వాలు లేకపోతే గేరు నిలవదు.

ఆయిల్ దించితే అడుగున వెండి రంగు పొడి. గేర్‌బాక్స్ విప్పి చూస్తే కొత్త గేరు పళ్ళ మీద మెరుపు పోయి చిన్నచిన్న గుంటలు. ఆకురాయి తీసుకుని పంటి కొస మీద గీశాను. సరిగ్గా గట్టిపరిచిన గేరు మీద ఆకురాయి గాజు మీద జారినట్టు జారిపోవాలి. ఒక పంటి మీద జారింది, పక్క పంటి మీద కరిచి పొడి రాల్చింది. అంటే గ్యాస్ కట్టర్‌తో కాల్చి నీళ్లలోనో నూనెలోనో ముంచిన బాపతు.

ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపాను. గట్టిదనం ఒక పంటి మీద 48 హెచ్ఆర్‌సీ, పక్కదాని మీద 27. షాఫ్ట్ లోపలి భాగంలో స్పెక్ట్రో పరీక్ష (లోహంలో ఏది ఎంత ఉందో చూసేది) చేస్తే కార్బన్ 0.4 శాతం దగ్గర, నికెల్ దాదాపు లేదు. ఈఎన్353లో కార్బన్ 0.1 నుంచి 0.2 శాతం, నికెల్ 1 నుంచి 1.5 శాతం ఉండాలి, క్రోమియం కూడా ఉండాలి. వచ్చిన లెక్క అచ్చంగా ఈఎన్8ది. ఒక్క మాట: కార్బరైజ్ చేసిన పార్టుకి పైపొర మీద పరీక్ష చేయిస్తే కార్బన్ ఎలాగూ ఎక్కువే చూపిస్తుంది. లోపలి భాగంలోనే చేయమని ల్యాబ్ వాళ్లకి ముందే చెప్పండి.

మరి వాళ్లిచ్చిన సర్టిఫికెట్? అందులో ఈఎన్353 అనే ఉంది, హీట్ నంబరు (ఆ స్టీలు కరిగించిన విడత నంబరు) ఉంది, ముద్ర ఉంది. కానీ అది 45 మిల్లీమీటర్ల రౌండ్ బార్‌కి ఇచ్చిన సర్టిఫికెట్. నా షాఫ్ట్ మీద గేరు వెలుపలి వ్యాసం 60 మిల్లీమీటర్లు దాటుతుంది. ఫోర్జింగ్ (వేడి చేసి కొట్టి ఆకారం తేవడం) చేయించలేదు, బార్ నుంచే తిప్పామని వాళ్లే చెప్పారు. 45 బార్ నుంచి 60 గేరు ఎలా వస్తుంది? కాగితం ఇంకెవరి పనిదో. సర్టిఫికెట్ చేతికి రాగానే హీట్ నంబరు కన్నా ముందు బార్ సైజు చూడండి.

అడాప్టర్ ప్లేట్ కూడా అంతే. ప్లేటుని సరిగ్గా మధ్యలో నిలిపే డోవెల్ పిన్నులకి రంధ్రాలే పెట్టలేదు. "బోల్టులే పట్టుకుంటాయి" అన్నారు. బోల్టులు బిగిస్తాయి గానీ మధ్యలోకి తేవు, రంధ్రంలో బోల్టు చుట్టూ ఎప్పుడూ కొంత ఖాళీ ఉంటుంది. డయల్ గేజ్‌ని (ముల్లుతో చిన్న తేడా చూపే కొలత పరికరాన్ని) ఫ్లైవీల్ మీద బిగించి క్రాంక్ తిప్పుతూ ప్లేట్ మధ్య రంధ్రాన్ని కొలిస్తే ముల్లు మొత్తం 0.40 మిల్లీమీటర్లు ఊగింది. సాధారణంగా 0.13 దాటకూడదంటారు. అంత పక్కకి ఉంటే స్పిగాట్ బుష్ అరిగిపోతుంది, క్లచ్ పూర్తిగా వదలదు, ముందు బేరింగ్ ఎక్కువ కాలం నిలవదు. షాఫ్ట్ బంగారంతో చేసినా ఈ ప్లేటుతో పాడైపోయేదే.

ఇవన్నీ పట్టుకెళ్లి అడిగితే ఓనర్ చెప్పిన జవాబు ఇది: "షో కారే కదా సార్, రోడ్డెక్కదు కదా, దీనికి ఈ మెటీరియల్ చాలు." ఈ మాటకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. షో కారు పడే కష్టం ఆయనకి తెలియదు. ట్రెయిలర్ రాంపు ఎక్కేటప్పుడు ఫస్ట్ గేరులో, క్లచ్ సగం మీద, బండి బరువంతా ఆ పళ్ళ మీదే. ఊరేగింపులో మనిషి నడక వేగంతో ఆగుతూ కదులుతూ పోవడం గేర్‌బాక్స్‌కి అన్నిటికన్నా కఠినమైన పని. పైగా రాంపు మధ్యలో షాఫ్ట్ తెగితే బండి వెనక్కి జారుతుంది, వెనక మనుషులుంటారు, షోల్లో పిల్లలుంటారు. ఈఎన్8 చాలనుకుంటే కొటేషన్‌లో ఈఎన్8 అని రాసి ఆ ధరే తీసుకోవాల్సింది.

నా ఒరిజినల్ షాఫ్ట్ అడిగితే "స్క్రాప్‌లో కలిసిపోయినట్టుంది" అన్నారు. డబ్బు పోవడం ఒక బాధ, ఇది ఇంకో బాధ. లే షాఫ్ట్ నా దగ్గరే ఉంది కాబట్టి గేరు పళ్ళ కొలతలు దాన్నించి తీసుకోవచ్చు, కానీ డాగ్ పళ్ళ వాలు, సింక్రో కోన్ కోణం ఆ షాఫ్ట్ మీదే ఉన్నాయి. మీరు శాంపిల్ ఇస్తే దాని మీద కనిపించని చోట ఒక గుర్తు చెక్కండి, అన్ని వైపుల నుంచి ఫోటోలు తీయండి, తిరిగి ఇస్తామని చలానా మీద రాయించుకోండి. వీలైతే అసలు ఇవ్వకండి. మీరే కొలతలు తీయించి డ్రాయింగ్ ఇవ్వండి.

విజయవాడ ఆటోనగర్‌లో, హైదరాబాద్ బాలానగర్, జీడిమెట్ల వైపు నిజాయితీగా గేర్లు కోసేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లందరినీ అనుమానించమని నేను చెప్పను. మంచివాళ్లు ఎలా ఉంటారంటే, హీట్ ట్రీట్‌మెంట్ ఎక్కడ చేయిస్తారో అడిగితే వెంటనే చెబుతారు. షాఫ్ట్‌తో పాటు అదే బార్ నుంచి కోసిన చిన్న బిళ్లని అదే ఫర్నేస్‌లో పెట్టించి మీకు ఇస్తారు. ఆ బిళ్లని కోసి చూస్తే గట్టిపొర లోతు తెలిసిపోతుంది, మీ షాఫ్ట్ పాడవదు. ఆ బిళ్ల కావాలని ఆర్డర్‌లోనే రాయించండి. ఇవ్వనన్నవాళ్ల దగ్గర పని పెట్టకండి. ఆఖరి విడత డబ్బు, ల్యాబ్ రిపోర్టు వచ్చి, ప్లేటుని మీ ఇంజిన్ మీదే బిగించి డయల్ గేజ్‌తో కొలిచాకే ఇవ్వండి. బిల్లు లేకుండా తక్కువకి చేస్తామంటే ఒప్పుకోవద్దు. నా దగ్గర బిల్లు, కొటేషన్ ఉన్నాయి కాబట్టే ఈరోజు కమిషన్ ముందు నిలబడగలిగాను.

ఇప్పటికే మోసపోయినవాళ్లు ఉంటే టెన్షన్ పడి ఊరుకోకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం రెండేళ్లలోపు ఫిర్యాదు చేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. వర్క్‌షాప్ వేరే ఊళ్లో ఉన్నా మీరు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు. పాడైన పార్టుని మళ్లీ వాళ్ల చేతికి ఇవ్వకండి, "సరిచేసి ఇస్తాం" అని తీసుకుంటే మీ సాక్ష్యం పోయినట్టే.

చివరగా ఒక అభ్యర్థన. 1.8 లీటర్ ఇసుజు అంబాసిడర్ ఐదు గేర్ల బాక్స్‌కి చెందిన పాత ఇన్‌పుట్ షాఫ్ట్ మీలో ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. గేరు పళ్ళు అరిగిపోయినా, బేరింగ్ చోటు పాడైనా పర్వాలేదు. డాగ్ పళ్ళు, కోన్ బాగుంటే చాలు, ధర ఇచ్చి తీసుకుంటాను. అమ్మడం ఇష్టం లేకపోతే నేనే మీ ఊరొచ్చి మీ ముందే కొలతలు తీసుకుని వెళ్తాను.