లూసర్న్‌లో ఒక్క రోజే ఉంటే: రీగియా, పిలాటుసా, టిట్లిసా?

స్విట్జర్లాండ్ వెళ్లే మనవాళ్లలో చాలామంది సరస్సు ఒడ్డునున్న లూసర్న్‌లో దిగగానే, ఆ చుట్టుపక్కలున్న రీగి, పిలాటుస్, టిట్లిస్ అనే మూడు కొండల్లో టిట్లిస్ ఎక్కేస్తారు. మంచు చూడకపోతే ఇంటికెళ్లాక ఏం చెప్పుకుంటాం అని. తప్పు లేదు. కానీ అంత సరస్సు పక్కన ఉండి పడవ ఎక్కకుండా వచ్చేయడమంటే, రాజమండ్రి దాకా వెళ్లి గోదారిని బస్సు కిటికీలోంచి చూసి వచ్చినట్టే.

ముందు టిట్లిస్ సంగతి. శిఖరం 3,238 మీటర్లు, కేబుల్ కారు దింపేది 3,020 దగ్గర. నిండు వేసవిలోనూ కాళ్ల కింద మంచు ఉంటుంది. లూసర్న్ నుంచి ఎంగెల్‌బెర్గ్‌కి రైల్లో ముప్పావుగంట, అక్కడి నుంచి గొండోలా (తీగకి వేలాడుతూ వెళ్లే చిన్న పెట్టె), చివర్లో 1992 నుంచి ఉన్న రోటెయిర్ అనే కేబుల్ కారు. అది పైకి వెళ్తూనే గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి కిటికీ పక్క చోటు కోసం పోట్లాట అక్కర్లేదు (అయినా పోట్లాడతాం, అది వేరే విషయం). పైన మీటరు వెడల్పు వేలాడే వంతెన కూడా ఉంది. ఇబ్బందల్లా మబ్బుతోనే. మేం వెళ్లిన రోజు పైన తెల్లగోడ తప్ప ఏమీ కనపడలేదు. మా అమ్మాయి మంచులో దొర్లింది, మిగతావాళ్లం కాఫీ తాగి దిగొచ్చేశాం. ఆ ఎత్తులో నాలుగడుగులకే ఆయాసం వస్తుంది. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్న పెద్దవాళ్లయితే ముందే డాక్టర్ని అడగండి.

పిలాటుస్‌లో అసలు చూడాల్సింది రైలు. 1889 నాటిది, పళ్ల పట్టా (రైలు కిందున్న పళ్ల చక్రం పట్టుకుని ఎక్కడానికి వీలుగా పళ్లున్న పట్టా) మీద నడిచే రైళ్లలో ప్రపంచంలోకెల్లా నిటారుగా ఎక్కేది ఇదే. వాలు 48 శాతం, అంటే వంద మీటర్లు ముందుకెళ్తే 48 మీటర్లు పైకి. మామూలు పళ్ల పట్టా అయితే అంత వాలులో చక్రం పట్టు తప్పి పైకి లేచిపోయే ప్రమాదం ఉంది. అందుకని ఎడువార్డ్ లోహర్ అనే ఇంజినీరు పట్టాకి రెండు పక్కలా పళ్లు పెట్టి, అటొకటి ఇటొకటి పడుకోబెట్టిన చక్రాలతో పట్టుకునేలా చేశాడు. సరస్సు మీదుగా ఆల్ప్‌నాహ్‌స్టాడ్ వెళ్లి రైల్లో ఎక్కి, అవతల కేబుల్ కార్లలో క్రీన్స్ వైపు దిగితే రోజంతా సరిపోతుంది. చలికాలంలో మాత్రం ఈ రైలు ఉండదు, అప్పుడు రానూపోనూ కేబుల్ కారే.

నా ఓటు మాత్రం రీగికే. స్విస్ ట్రావెల్ పాస్ (దేశంలో రైళ్లు, బస్సులు, పడవలు ఎక్కడానికి పర్యాటకులు కొనే పాస్) ఉంటే పడవ, కొండ రైలు అన్నీ అందులోనే వచ్చేస్తాయి. మిగతా రెండింటికీ పాస్ ఉన్నా సగం డబ్బు కట్టాలి. ఒక ఇంట్లోంచి అయిదుగురు వెళ్తే ఈ తేడా చిన్నది కాదు. పొద్దున్నే పడవెక్కితే గంటలో రీగి కిందున్న విట్స్‌నౌ. దిగి నాలుగడుగులు వేస్తే ఎర్ర రైలు, 1871లో యూరప్‌లో మొదలైన తొలి పళ్ల పట్టా కొండ రైలు. తిరుగుదారిలో అవతలి వైపు నీలం రైల్లో గోల్డౌ దిగి లూసర్న్ వచ్చేయొచ్చు. నాన్నగారు మోకాళ్ల నొప్పులతోనే ఇదంతా తిరిగారు. టైంటేబుల్లో స్టీమర్ గుర్తున్న పడవ చూసుకుని ఎక్కండి. 1901 నాటి 'ఊరి' అనే స్టీమర్‌తో కలిపి పాతవి ఇంకా అయిదు నడుస్తున్నాయి. పడవ మధ్యలో నిలబడి కిందున్న ఆవిరి ఇంజనుకేసి చూస్తే, తళతళలాడే ఇనుప కడ్డీలు ముందుకీ వెనక్కీ ఆడుతుంటాయి, వేడి నూనె వాసన ముఖానికి కొడుతుంది. నాన్నగారు కొండలకన్నా వాటినే ఎక్కువసేపు చూశారు.

రీగి ఎత్తు 1,800 మీటర్లకి కాస్త తక్కువ. వేసవిలో గడ్డి, ఆవుల మెడ గంటలు తప్ప మంచు ఉండదు. పిల్లలకి మంచు చూపిస్తామని మాటిచ్చి ఉంటే మాత్రం చర్చే లేదు, టిట్లిస్‌కే పదండి.

ఏ కొండకైనా టికెట్ కొనేముందు పైనున్న కెమెరా దృశ్యం ఫోన్లో చూసుకోండి. నవంబరు ప్రాంతంలో ఊరి మీద పొగమంచు కమ్మేసి ఉందని రూమ్‌లోనే ఉండిపోతారు కొందరు. చాలా రోజులు అదే సమయానికి రీగి మీద ఎండ కాస్తూ ఉంటుంది, కింద సరస్సు ఉండాల్సిన చోట తెల్లటి మబ్బు పరుచుకుని ఉంటుంది.