యారా, యారా టూస్: ఏడాదిన్నర వాడాక

గులాబీ రంగు సీసా సెంట్ల కంపెనీ లత్తాఫా వాళ్ల యారా, పసుపుది అదే కంపెనీ యారా టూస్. రెండూ 100 మిల్లీలీటర్లవే కొన్నాను. గులాబీది అడుగంటింది, పసుపుది ఇంకా సగం ఉంది. అంతమాత్రాన పసుపుది నచ్చలేదనుకోకండి.

యారా కొట్టగానే ఓ క్షణం కమలా తొక్క, ఆ వెంటనే స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్. దాని వివరాల్లో స్ట్రాబెర్రీ పేరే ఉండదు. కమలా, ఆర్కిడ్, హీలియోట్రోప్ పూలు, వెనిలా, కస్తూరి, గంధం అని రాస్తారు. నా ముక్కుకి మాత్రం మిల్క్‌షేకే. గంట పోయాక అదంతా అణిగి, స్నానం చేయించి పౌడరద్దిన చంటిపిల్ల మెడ దగ్గర వచ్చే వాసన మిగులుతుంది. నేను డబ్బు పెట్టింది దానికే.

టూస్‌లో మామిడి, కొబ్బరి, ప్యాషన్ ఫ్రూట్. మొదటి పావుగంట జోరు చెప్పక్కర్లేదు. నిరుడు మేలో నాలుగుసార్లు కొట్టుకుని బెజవాడలో గుంటూరు బస్సెక్కా. మంగళగిరి దాటేసరికి నాకే కడుపులో తిప్పింది. పక్కసీటు పెద్దావిడ కిటికీ అద్దం జరిపి, "ఏం పూసుకున్నావే తల్లీ, కాయలు మాగేసిన గదిలో కూర్చున్నట్టుంది" అంది. తప్పు నాదే. ఒళ్లు వేడెక్కితే సెంటు గబగబా ఆవిరై ఒక్కసారే పైకి లేస్తుంది. ఇప్పుడు ఎండల్లో ఏదైనా సరే ఒక్కసారే, అదీ చున్నీ అంచుకి. చర్మం మీద రెండూ నాకు నాలుగైదు గంటలు నిలుస్తాయి, నూలు చున్నీకైతే మర్నాడు కూడా ఉంటుంది.

ఎండ ఒక్కటే అయితే సర్దుకునేదాన్నే. మేలో మా ఇంట్లో మంచం కింద గడ్డిలో నూజివీడు చిన్నరసాలు ఉంటాయి. ఆ వాసన ముందు టూస్ మామిడి ఐస్‌ఫ్రూట్ అయిపోతుంది. అందుకే వేసవంతా దాన్ని బీరువాలో పెట్టేస్తా. మళ్లీ కార్తీకంలో, మామిడి మొహం చూసి నెలలైపోయాక తీస్తే, ఆహా! అప్పుడు ఆ కొబ్బరి కూడా బాగుంటుంది.

ఇంకో విచిత్రం. మా ఆఫీసు మిర్చి యార్డుకి దగ్గర. ఫిబ్రవరి, మార్చిలో గాలిలోనే ఘాటు, గేటు దగ్గరే తుమ్ములు మొదలు. ఆ ఘాటులో యారా చప్పబడిపోతుంది. టూస్ కొట్టుకెళ్తే మాత్రం ఉప్పూకారం అద్దిన మామిడి ముక్క గుర్తొచ్చి నోరూరుతుంది. మా సెక్షన్‌లో ఇద్దరు అదే మాట అన్నారు, నేను చెప్పకుండానే.

ఒక్కటే కొనే ఓపిక ఉంటే గులాబీది తీసుకోండి. ఏసీలో కూర్చునే ఉద్యోగమైతే ఏడాదంతా పనికొస్తుంది. నేనూ మళ్లీ అదే కొంటా. పసుపుది మా చెల్లి అడుగుతోంది. కార్తీకం వెళ్లాక ఇస్తానన్నా.