ఒకటి, రెండు తరగతుల్లో ఏది మేలు: టీవీయా, ట్యాబా, టీచర్ చేతిలో ఫోనా?

డైట్ (టీచర్లకి శిక్షణ ఇచ్చే జిల్లా విద్యా సంస్థ) నుంచి బోధనాభ్యాసానికి వచ్చే ఛాత్రోపాధ్యాయులు, అంటే టీచర్ శిక్షణలో ఉన్నవాళ్లు, బడిలో అడుగుపెట్టిన మొదటి వారంలోనే ఈ ప్రశ్న అడుగుతారు: "మేడమ్, చిన్న తరగతులకి టెక్నాలజీతో పాఠం చెప్పాలంటే దేంతో మొదలుపెట్టాలి?" పాఠం చూడటానికి వచ్చే లెక్చరర్ ఐసీటీ (కంప్యూటర్, టీవీ లాంటి సాంకేతిక సాధనాలు) వాడారా అని అడుగుతారేమోనని వాళ్ల టెన్షన్. అందుకే రాత్రి చాలాసేపు కూర్చుని పీపీటీ తయారు చేసుకొస్తారు. ఇంకా చదవడమే రాని ఒకటో తరగతి పిల్లలకి తెర నిండా అక్షరాలతో పీపీటీ ఎందుకు?

నా సమాధానం ముందే చెప్పేస్తాను. మొదట మీ ఫోను, తర్వాత టీవీ, అన్నిటికన్నా చివర ట్యాబు. ధర చూసో, ఏది కొత్తదో చూసో ఈ వరస పెట్టలేదు. ఆ పరికరం ఆన్‌లో ఉన్నంతసేపు పిల్లల నోరు, చెయ్యి కదులుతున్నాయా లేదా అన్నదే నా కొలత. ఆరేడేళ్ల పిల్లలు మాట్లాడుతూ, వింటూ, దిద్దుతూ, లెక్కపెడుతూ నేర్చుకుంటారు. ఆ పనిని పెంచే పరికరం ఏదైనా మంచిదే. పిల్లల్ని ఊరికే కూర్చోబెట్టేది ఎంత ఖరీదైనదైనా ఈ వయసుకి సాయం చెయ్యదు.

టీవీ సంగతి

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన, ప్రభుత్వ బడుల్ని బాగుచేసే నాడు–నేడు పథకంతో చాలా బడుల రూపు మారింది. ఆ తర్వాత పెద్ద తరగతులకి ఐఎఫ్‌పీలు (తాకితే పనిచేసే పెద్ద డిజిటల్ తెరలు), చిన్న తరగతులకి స్మార్ట్ టీవీలు వచ్చాయి. ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్ష 2017 నుంచీ ఉంది. పాఠ్యపుస్తకంలో పాఠం పక్కన ఉన్న క్యూఆర్ కోడ్‌ని స్కాన్ చేస్తే దానికి తగ్గ వీడియో వస్తుంది. కాబట్టి కొత్తగా వచ్చిన ఛాత్రోపాధ్యాయుడి చూపు ముందు టీవీ మీదే పడుతుంది.

తరగతి గదిలోకి తేలేని వాటిని చూపించడంలో టీవీకి సాటి లేదు. ఆదిలాబాద్ పిల్లలకి సముద్రపు అల, విశాఖ పిల్లలకి మంచు కురిసే కొండ, ఎవరికైనా సరే తోకకప్ప కప్పగా మారే తీరు టీవీలో చూపించాల్సిందే. అరటిపండుని మాత్రం టీవీలో చూపించకండి, బజారు నుంచి తెచ్చి చేతికివ్వండి. గింజ మొలకెత్తడం కూడా అంతే. తడిగుడ్డలో పెసలు కట్టి కిటికీలో పెడితే రెండు రోజుల్లో పిల్లలే విప్పి చూసి అరుస్తారు. వీడియో చూపించాలనుకుంటే ఆ తర్వాత చూపించండి.

టీవీతో వచ్చే చిక్కు నిశ్శబ్దం. వీడియో పెట్టగానే గది సద్దుమణుగుతుంది. అప్పటిదాకా అల్లరి పట్టలేక గొంతు పోయిన ఛాత్రోపాధ్యాయినికి ప్రాణం లేచి వస్తుంది, పాఠం బాగా సాగుతోందని అనిపిస్తుంది. వీడియో అయ్యాక "ఏం చూశారు?" అని అడిగి చూడండి, ముందు వరసలో ఇద్దరు తప్ప ఎవరూ పలకరు. అభినయ గేయాలకి ఇది మరీ ఎక్కువ. టీచర్ పాడుతుంటే చేతులూ కాళ్లూ ఊపే పిల్లలు, అదే పాట బొమ్మలతో టీవీలో వస్తే చేతులు కట్టుకుని కూర్చుంటారు.

దీనికి చక్కటి ఉపాయం ఉంది. రెండు మూడు నిమిషాల కథ వీడియో తీసుకుని సౌండ్ తీసేయండి. బొమ్మలు కదులుతుంటే కథ పిల్లల చేత చెప్పించండి. మధ్యలో ఆపి, "ఇప్పుడు కుందేలు ఏం చేస్తుందంటావ్?" అని వెనక బెంచీ పిల్లవాణ్ని అడగండి. వాడు తన ఇంటి మాటల్లో చెబుతాడు. శ్రీకాకుళం పిల్లవాడు ఒకలా, కరీంనగర్ పిల్లవాడు ఇంకోలా. వాడు చెప్పిన వాక్యాన్ని బోర్డు మీద వాడి మాటల్లోనే రాయండి. తర్వాత సౌండ్ పెట్టి మళ్లీ చూపించండి. తాము చెప్పిన కథకీ వీడియో చెప్పిన కథకీ తేడా ఎక్కడుందో పిల్లలే పట్టుకుంటారు. మామూలుగా చూపిస్తే మూడు నిమిషాల్లో అయిపోయే వీడియో ఇలా అరగంట పాఠం అవుతుంది.

వీడియోని ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, నెట్‌ని నమ్ముకుని వెళ్లొద్దు. పెన్‌డ్రైవ్ ఆ టీవీకి పనిచేస్తుందో లేదో ముందురోజు సాయంత్రమే చూసుకోండి. చివరి వరసలో కూర్చుని మాట వినబడుతోందో లేదో కూడా ఒకసారి చూడండి.

ట్యాబు సంగతి

ట్యాబు మీద ఆశలు ఎక్కువ, కారణం లేకపోలేదు. ప్రతి బిడ్డా తన వేగంలో వెళ్లొచ్చు. గూగుల్ వాళ్ల రీడ్ అలాంగ్ లాంటి యాప్ పిల్లవాడు పైకి చదువుతుంటే విని, తడబడిన చోట సాయం చేస్తుంది, అందులో తెలుగు కూడా ఉంది. ఇంటి దగ్గర చదివించేవాళ్లు లేని పిల్లవాడికి ఇది చిన్న విషయం కాదు.

అయినా తరగతి నిండా పిల్లలున్న గదిలో దీన్ని పెట్టి చూడండి. నలుగురికి ఒక ట్యాబు ఇస్తే పట్టుకునేది ఒకరే, మిగతా ముగ్గురు లాక్కుంటారు. పది గొంతులు ఒకేసారి చదువుతుంటే యాప్‌కి ఎవరి మాట వినాలో తెలియదు. సగం ట్యాబుల్లో ఛార్జింగ్ ఉండదు. నలభై నిమిషాల పీరియడ్‌లో పదిహేను నిమిషాలు లాగిన్‌లకే పోతాయి.

ఇవన్నీ సర్దుకోవచ్చు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది వేరే. సరైన అక్షరాన్ని తాకే ఆట ఆడుతున్న పిల్ల పక్కన కూర్చుని స్కోరు చూడకుండా ఆ వేలునే చూడండి. తెర మీద నాలుగు అక్షరాలుంటాయి. 'థ' ఏదని యాప్ అడుగుతుంది. వేలు మొదటిదాన్ని తాకుతుంది, ఎర్రగా వెలుగుతుంది. రెండోది, ఎరుపు. మూడోది, పచ్చ. చప్పట్లు వినబడతాయి, నక్షత్రం వస్తుంది. పిల్ల అక్షరం వైపు చూడనే లేదు, రంగు మారే దాకా తాకింది. చాలా ఆటల్లో చివరికి టీచర్‌కి కనబడేది మాత్రం పూర్తయిందన్న గుర్తు. పక్కన కూర్చున్నవాళ్లకి తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు.

రాయడం విషయంలోనూ గాజు మీద వేలితో 'ఈ' దిద్దడం వేరు, పలక మీద బలపంతో దిద్దడం వేరు. తెలుగు అక్షరాలన్నీ సున్నలూ వంపులూ. బలపం పట్టు, చేతి ఒత్తిడి, ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పాలన్నది పలక మీద, ఇసుకలో వస్తుంది. ఈ పనికి నేను ట్యాబుని పూర్తిగా పక్కన పెట్టమంటాను.

ఫోను సంగతి

ఇందులో పెద్దగా చూపించుకోవడానికి ఏమీ లేదు. మీ దగ్గర ఇప్పటికే ఉన్న ఫోను, వీలైతే చిన్న బ్లూటూత్ స్పీకర్. నెట్ అక్కర్లేదు, కరెంటు పోయినా పాఠం ఆగదు. కావాల్సింది ఫోన్‌తో పాటే వచ్చే వాయిస్ రికార్డర్.

రెండో తరగతిలో చదవడం కుదురుకోని పిల్లలు ఎక్కువగా దీర్ఘాలూ ఒత్తులూ మింగేస్తారు. 'కాకి గూడు కట్టింది' అని ఉంటే 'కకి గుడు కటింది' అని చదువుతారు. టీచర్ "కకి కాదురా, కాకి" అని సరిదిద్దితే పిల్లవాడు తిరిగి అంటాడు, మర్నాడు మళ్లీ 'కకి' అనే చదువుతాడు. తాను అన్నది తప్పని వాడి చెవికి తెలియలేదు మరి. అదే వాక్యం చదివించి, రికార్డు చేసి, పుస్తకం వాడి ముందే ఉంచి వినిపించండి. మొదట నవ్వుతాడు. రెండోసారి వినేటప్పుడు వేలు పెట్టుకుని అక్షరం అక్షరం వెంట వెళ్తాడు. ఆ వేలు దీర్ఘం దగ్గర ఆగిపోతుంది. "టీచర్, ఇంకోసారి చదువుతా" అంటాడు. ఆ మాట పిల్లవాడి నోట రావడం కోసమే నేను ఫోన్‌కి మొదటి స్థానం ఇస్తున్నాను. తప్పు పట్టింది వాడే, దిద్దుకున్నదీ వాడే.

చదువు ఎంతవరకు వచ్చిందో చూసుకోవడానికి కూడా ఇదే పనికొస్తుంది. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపరచడానికి కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల ప్రకారం రెండో తరగతి పిల్లలు నిమిషానికి 45 నుంచి 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి. తెలంగాణలో 2022 ఆగస్టు 15న మొదలైన తొలిమెట్టు కార్యక్రమం గురి కూడా ఈ పునాది చదువే. తెలుగులో ఒక్కో పదం పొడుగ్గా ఉంటుంది కాబట్టి పదాల లెక్క ఒక్కటే చూడటం నాకు నచ్చదు. నెల మొదట్లో ఒక నిమిషం, చివర్లో ఒక నిమిషం రికార్డు చేసి రెండూ పక్కపక్కన వినండి. ఏ ఒత్తు దగ్గర ఆగేవాడు, ఇప్పుడెక్కడ ఆగుతున్నాడు అన్నది అంకెల కంటే మీ చెవికే బాగా తెలుస్తుంది. ఆదివారం పేరెంట్‌కి ఎదురుపడితే "మీవాడు బాగా చదువుతున్నాడండీ" అని ఊరికే అనక్కర్లేదు, బిడ్డ గొంతే వినిపించొచ్చు.

ఇంకో పని చేసి చూడండి. ఊళ్లో ఒక అవ్వ దగ్గరికి వెళ్లి నాలుగు పొడుపు కథలు ఆవిడ గొంతుతోనే రికార్డు చేసుకోండి. మర్నాడు తరగతిలో స్పీకర్‌లో వినిపించి, విప్పు ముందు ఆపండి. "అది మా నాయనమ్మ!" అని ఒక పిల్ల లేచి నిలబడుతుంది. పాఠంలో ఎప్పుడూ నోరు మెదపని పిల్లలు ఆ రోజు మాట్లాడతారు. గోండి, కోయ, లంబాడీ మాట్లాడే ఇళ్ల నుంచి వచ్చే పిల్లలున్న చోట ఆ భాషలోనే ఒక చిన్న కథ తెచ్చి వినిపిస్తే బడి తమదే అనిపిస్తుంది వాళ్లకి.

ఫోన్‌తో జాగ్రత్తలు కూడా ఎక్కువే. పాఠం మొదలయ్యే ముందు ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, స్పీకర్‌లో మీ వాట్సాప్ మోతలు రాకూడదు. పిల్లల గొంతులు, ఫొటోలు స్టేటస్‌లకీ రీల్స్‌కీ ఎక్కించొద్దు. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి ముఖ్యమంటుంది. చట్టం సంగతి అటుంచినా, తడబడుతూ చదివిన గొంతు ఆ బిడ్డది. హెడ్‌మాస్టర్‌కి, తల్లిదండ్రులకి ముందే చెప్పండి, పని అయ్యాక డిలీట్ చెయ్యండి. తప్పులున్న రికార్డింగ్‌ని అందరి ముందు వినిపించకండి, ఆ బిడ్డకి ఒక్కదానికే వినిపించండి.

పక్కపక్కన పెడితే

తయారీకి పట్టే సమయంలో ఫోన్‌దే పైచేయి. చూపించే శక్తిలో టీవీది. ఒక్కొక్కరికీ విడిగా అభ్యాసం ఇవ్వడంలో ట్యాబుది, అదీ పక్కన పెద్దవాళ్లు ఉంటేనే. ఛాత్రోపాధ్యాయులకి ముఖ్యమైన తేడా ఇంకోటి ఉంది. టీవీతో మొదలుపెట్టినవాళ్లు వీడియో ఎంచుకోవడం నేర్చుకుంటారు. ఫోన్‌తో మొదలుపెట్టినవాళ్లు పిల్లల్ని వినడం నేర్చుకుంటారు. రెండోది ముందు వస్తే వీడియోని ఎక్కడ ఆపాలో, ఎవరిని అడగాలో దానంతటదే తెలుస్తుంది. బోధనాభ్యాసానికి దొరికేది కొన్ని వారాలే కాబట్టి మొదటి రెండు వారాలు టీవీ జోలికి పోవద్దని చెబుతాను.

సమయం కూడా చూసుకోవాలి. 2020లో కేంద్రం ఆన్‌లైన్ క్లాసుల కోసం ఇచ్చిన ప్రజ్ఞాత మార్గదర్శకాలు ప్రీ ప్రైమరీకి రోజుకి 30 నిమిషాలు దాటొద్దన్నాయి. అవి ఇంటి దగ్గరి చదువుకి చెప్పినవే అయినా, ఒకటో తరగతి గదిలో తెర ముందు కూర్చోబెట్టేది అంతకంటే బాగా తక్కువే ఉండాలని నా అభిప్రాయం. రికార్డరుకి తెరతో పనే లేదు కాబట్టి ఈ లెక్కలోకి రాదు.

ఈ వరస తిరగబడే చోట్లు రెండున్నాయి. ఒకటి, చూపు సరిగా లేని బిడ్డ, వినికిడి తక్కువైన బిడ్డ ఉన్న తరగతి. అక్షరాన్ని పెద్దది చేసి కళ్ల దగ్గర పెట్టడానికైనా, హెడ్‌ఫోన్లలో గొంతు దగ్గరగా వినిపించడానికైనా ట్యాబుకి మించింది లేదు. ఆ బిడ్డకి మొదటి రోజు నుంచే ఇవ్వండి. రెండోది, ఐదు తరగతులకీ ఒక్కరే టీచర్ ఉన్న ఏకోపాధ్యాయ పాఠశాల. అక్కడ టీచర్ ఒకటో తరగతికి చెబుతుంటే మిగతా నాలుగు తరగతులకీ పని కావాలి. గదిలో ఒక మూల రెండు ట్యాబులు పెట్టి, మూడు, నాలుగు తరగతుల పిల్లల్ని ఇద్దరిద్దరిగా పావుగంట చొప్పున పంపితే ఆ టీచర్‌కి ఊపిరాడుతుంది. అలాంటి బడికి మిమ్మల్ని వేస్తే వెళ్లే ముందే అక్కడి టీచర్‌కి ఫోన్ చెయ్యండి. ట్యాబులు పనిచేస్తున్నాయా, హెడ్‌ఫోన్లు ఉన్నాయా, ఛార్జింగ్ పెట్టడానికి ప్లగ్గు ఏ గదిలో ఉంది అని అడిగి తెలుసుకుని, ఆ తర్వాతే పాఠ్యప్రణాళిక రాసుకోండి.