రెటీనా డాక్టరుకు ఐదు స్టార్లు, బయట హాలుకు రెండు

కంట్లో ఇంజెక్షన్ అనగానే సగం మంది గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతారు. అలాంటివాళ్ల కోసం ఈ రివ్యూ.

మా ఆవిడకు బీపీ పాతదే. ఎడమ కంటి రెటీనాలో (కంటి వెనక వెలుగును పట్టే పొర) సిర కొమ్మ ఒకటి మూసుకుపోయి, చూపు మధ్యలో మసక పడింది. డాక్టర్ మేడమ్ ఓసీటీ స్కాన్ (రెటీనా పొరలను అడ్డంగా కోసినట్టు చూపే బొమ్మ) తెర మీద పెట్టి, మాక్యులా, అంటే రెటీనా నడిమి భాగం ఉబ్బిన చోటు, అందులో నల్లటి గుంటలు చూపించారు. అదంతా సిరలోంచి ఊరిన నీరట.

కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఊరుకుంటానా? రక్తం ఆగితే లోపల ఏమవుతుందని అడిగాను. విసుక్కోలేదు. రెటీనా కణాలు కబురు పంపుకునేది ఎక్కువగా గ్లుటామేట్ అనే అమైనో ఆమ్లంతోనేనట. పనయ్యాక దాన్ని రెటీనాలోనే ఉండే ముల్లర్ అనే సహాయక కణాలు లోపలికి లాగేసుకోవాలి. రక్తం అందకపోతే ఆ శక్తి ఉండదు. గ్లుటామేట్ బయటే పేరుకుపోయి నాడీకణాలను చంపేస్తుంది. 1957లోనే లూకస్, న్యూహౌస్ అనే పరిశోధకులు ఎలుక పిల్లలకు గ్లుటామేట్ ఎక్కిస్తే రెటీనా లోపలి పొరలు దెబ్బతిన్నాయని కూడా చెప్పారు.

"ఫ్రైడ్ రైస్‌లో టేస్టింగ్ సాల్ట్ కూడా గ్లుటామేటేగా, అయితే మానేయాలా?" అంది మా ఆవిడ. మేడమ్ నవ్వేశారు. "తిన్నది చాలావరకు పేగుల్లోనే ఖర్చయిపోతుందమ్మా. బీపీ మాత్ర మానకండి, అది చాలు."

కంట్లో నీరు తీసి గ్లుటామేట్ ఎంతుందో చూడరా అన్నాను. అది పరిశోధనల్లో, ఆపరేషన్‌లో విట్రియస్ (కంటి లోపలి జెల్లీ) తీసినప్పుడు చూసే సంగతట. దాన్ని తగ్గించే మందు ఇప్పటికైతే వాడుకలో లేదనీ, ఇంజెక్షన్‌తో వాపు తగ్గుతుంది గానీ చచ్చిన కణం లేవదనీ మొహమాటం లేకుండా చెప్పారు. ఐదు స్టార్లూ ఆ మాటకే.

సూది సంగతి. చుక్కల మందుతో కన్ను మొద్దుబార్చి, క్రిములు చంపే బెటాడిన్ వేసి, నల్లగుడ్డు అంచుకు మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల అవతల తెల్లగుడ్డులో గుచ్చుతారు. ఎక్కించే మందు 0.05 మి.లీ. మాత్రమే. బెటాడిన్ మండింది గానీ సూది తెలియనే లేదంది మా ఆవిడ. మాకు వాడింది బెవాసిజుమాబ్, అసలు పేగు క్యాన్సర్ మందు. ఖరీదైనవాటి రేట్లు కూడా ముందే చెప్పి, ఎంపిక మాకే వదిలేశారు.

ఇక హాలు. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసిన వాళ్లందరినీ ట్యూబ్‌లైట్ల కింద, టీవీ ఎదురుగా కూర్చోబెట్టడమేంటి? టోకెన్ పిలుపు సగం వినబడదు. బిల్లు కట్టడానికి మేడెక్కాలి, లిఫ్ట్ లేదు. కళ్లు కనబడక వచ్చినవాళ్లకి మెట్లా!

వెళ్లేవాళ్లు నల్లద్దాలు పట్టుకెళ్లండి, తోడుగా ఒకరిని తీసుకెళ్లండి. బండి మాత్రం పేషెంటు నడపకూడదు.