కడపలో లాడ్జి, గండికోటలో ఉదయం

డిసెంబరు రెండో వారంలో అమ్మ, మావారు, పదో తరగతి చదువుతున్న మా అమ్మాయితో కలిసి కడప చుట్టుపక్కల చారిత్రక స్థలాలు చూసి వచ్చాను. చూసిన చోట్ల గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. బస దగ్గర మాకు జరిగిన అన్యాయం మాత్రం పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లే మరొకరికి జరగకూడదని ఇది రాస్తున్నాను.

రైల్వే స్టేషనుకు దగ్గరలో ఉన్న ఒక లాడ్జివారు కింది అంతస్తులో ఏసీ గది ఇస్తామని ఫోనులో చెప్పి, రెండు రాత్రులకు ₹4,200 ముందే కట్టించుకున్నారు. రాత్రి తొమ్మిదిన్నరకు మేము చేరేసరికి ఆ గదిని వేరేవాళ్లకు ఇచ్చేశారు. మూడో అంతస్తులో ఒక్కటే ఖాళీ ఉందని, లిఫ్టు పనిచేయడం లేదని, ఏసీ వేయాలంటే రోజుకు ₹500 అదనంగా ఇవ్వాలని కౌంటరులోని మనిషి చెప్పాడు. డబ్బు కట్టిన రసీదు చూపిస్తే, ఫోనులో మాట్లాడినవాళ్లనే అడగమన్నాడు. ఫోనులో మాట్లాడింది అతనేనని మా అమ్మాయి గొంతును బట్టి గుర్తుపట్టి చెప్పినా అతను తల ఎత్తలేదు. మోకాళ్లు అరిగిపోయిన అమ్మ ఒక్కో మెట్టు దగ్గర ఆగుతూ, నా భుజం పట్టుకుని ఆ మూడు అంతస్తులూ ఎక్కింది. పైకి చేరాక ఒక్క మాట కూడా అనకుండా గోడవైపు తిరిగి పడుకుంది. ఆ మౌనం నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఉదయం గది ఖాళీ చేసి రెండో రాత్రి డబ్బు అడిగితే, అరగంట వాదన తరువాత ₹1,000 మాత్రమే చేతిలో పెట్టారు. అందుచేత కడపలో ఎవరికీ పూర్తి మొత్తం ముందుగా కట్టకండి. గది కళ్లతో చూశాకే ఇవ్వండి.

కారుకు రోజుకు ₹3,500, డ్రైవరు బత్తా ₹400. పొద్దున దేవుని కడప వేంకటేశ్వరస్వామి గుడి, అమీన్ పీర్ దర్గా, బ్రౌన్ గ్రంథాలయం త్వరగా చూసుకుని, 25 కిలోమీటర్ల దూరంలోని ఒంటిమిట్టకు వెళ్లాము. సీతారామలక్ష్మణులు ఒకే శిలలో వెలసిన కోదండరామాలయం అది. గర్భగుడిలో హనుమంతుడు లేడు. రంగమండపంలోని 32 స్తంభాల మధ్య తిరుగుతూ అమ్మ మొదటిసారి నోరు విప్పింది. రామభక్తుడైన కవి వావిలికొలను సుబ్బారావుగారు ఈ గుడిని బాగుచేయడానికి టెంకాయచిప్ప పట్టుకుని ఊరూరా బిచ్చమెత్తారని మా తాతగారు చెప్పిన సంగతిని మనవరాలికి వివరంగా చెప్పింది. అలా నింపాదిగా చూడడానికి ఇక్కడ రెండు గంటలైనా పెట్టుకోవాలి. పెన్న ఒడ్డున ఉన్న సిద్ధవటం కోటను చాలామంది దాటేసి పోతారు, అది పొరపాటు. 1808 నుంచి నాలుగేళ్లు జిల్లా కేంద్రంగా ఉన్న ఆ చోట, కోట గోడల నీడలో మాకు ఆ మధ్యాహ్నం మరో యాత్రికుడు కనిపించలేదు.

సాయంత్రానికి గండికోట చేరి ₹2,400కు నేల అంతస్తులో గది తీసుకున్నాము. చెప్పిన ధరే తీసుకున్నారు, వేడినీళ్లు అడగకముందే తెచ్చి ఇచ్చారు. తెల్లవారుజామున ఐదున్నరకు బయలుదేరితే ఎర్రమల కొండలను చీల్చుకుంటూ పారే పెన్న మీద ఎండ మెల్లగా దిగడం చూడవచ్చు. తొమ్మిది దాటితే ఆ రాళ్లమీద నీడ దొరకదు. లోయ అంచున కంచె లేని చోట్లు ఉన్నాయి కనుక పిల్లల చేయి వదలకండి. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా 1650లో పట్టుకున్న ఈ కోటలో జామా మసీదు, మాధవరాయస్వామి గుడి, ధాన్యాగారం దగ్గర దగ్గరగానే ఉన్నాయి. మసీదు మెట్లమీద అమ్మను కూర్చోబెట్టి మేము ముగ్గురం రంగనాథస్వామి గుడి వరకు వెళ్లి వచ్చాము. తిరిగి వచ్చేసరికి పక్కన కూర్చున్న ఒక పెద్దావిడతో అమ్మ నవ్వుతూ మాట్లాడుతోంది.

తిరుగు దారిలో, 15 కిలోమీటర్ల దూరంలోని జమ్మలమడుగులో, నాలుగే బల్లలున్న ఒక భోజనశాలలో ఆగాము. రాగిసంగటి, నాటుకోడి పులుసు ₹130. అమ్మకు సంగటితో పప్పు, ఊరుబిండి ₹80. వేయించిన వేరుశనగలు, ఎండుమిరపకాయలు, చింతపండు కలిపి రోట్లో కచ్చాపచ్చాగా నూరిన ఆ పచ్చడి రుచికి అమ్మ రెండో ముద్ద అడిగి పెట్టించుకుంది. దానికి డబ్బు తీసుకోవడానికి యజమానురాలు ఒప్పుకోలేదు. "మా ఇంటికొచ్చినోళ్లకు ముద్దకింత అని లెక్క కడతామా అమ్మా" అంటూ, అమ్మ చెయ్యి పట్టుకుని కారు దాకా నడిపించింది. దారంతా అమ్మ ఊరుబిండిలో వెల్లుల్లి ఎంత వేయాలో నాకు చెబుతూనే ఉంది.