రెండడుగుల ట్యాంకులో నీమో చేపలకి ఎనిమోన్ మేలా, మట్టికుండ మేలా?

మా పిన్ని కొడుకు ఒడిశాలోని జయపురంలో ఉంటాడు. మొన్న ఫోన్ చేసి "అన్నయ్యా, రెండడుగుల ట్యాంకు కొన్నాను, ఒక జత నీమో చేపలు, ఒక ఎనిమోన్ వేద్దామనుకుంటున్నా, ఏ రకం తెచ్చుకోమంటావ్?" అన్నాడు. ఎనిమోన్ అంటే పువ్వులా కనిపించే సముద్రపు జీవి, దాని కుట్టే చేతుల మధ్య నీమో చేపలు, అంటే క్లౌన్‌ఫిష్‌లు, దాక్కుంటాయి. "ఎనిమోన్ ఎందుకురా, చిన్న మట్టికుండ పెట్టు, చాలు" అన్నాను. వెక్కిరిస్తున్నానని అనుకున్నాడు. వాడి తప్పు కూడా కాదులెండి, బరంపురం వచ్చినప్పుడల్లా మా హాల్లో ట్యాంకు ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. అందులో ఉన్నది మూడో ఎనిమోన్ అని, ముందు రెండూ చచ్చాయని, ఇప్పుడున్నది మూడడుగుల ట్యాంకు అని వాడికి నేనెప్పుడూ చెప్పలేదు.

నేను కుండ అన్నది హాస్యానికి కాదు. సముద్రంలో క్లౌన్‌ఫిష్‌కి ఎనిమోన్ లేకపోతే బతుకు లేదు, పెద్ద చేప వచ్చి మింగేస్తుంది. ట్యాంకులో మింగేవాళ్లెవరూ లేరు కదా. పైగా హేచరీలో పుట్టిన పిల్లలైతే పుట్టి బుద్ధెరిగాక ఎనిమోన్‌ని చూసి ఉండవు. మన దేశంలోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) వాళ్లు తమిళనాడులోని మండపంలో, కేరళలోని విళింజంలో వీటి పిల్లల్ని తీశారు. ఇళ్లలో పిల్లల్ని పెంచేవాళ్లు చాలామంది జతకి ఒక మట్టికుండో పెంకో ఇస్తారు, అవి దాన్నే ఇల్లనుకుని, నోటితో శుభ్రంగా గీకి, గోడకి గుడ్లు అంటిస్తాయి. అంటే చేప వైపు నుంచి చూస్తే కుండకీ ఎనిమోన్‌కీ పెద్ద తేడా లేదు. తేడా అంతా మన కంటికి, ఆ ఎనిమోన్ ప్రాణానికి.

ఆ ప్రాణం చాలా గట్టిది, నీళ్లు బాగుంటే. స్కాట్లాండులో జాన్ డాలియెల్ అనే ఆయన 1828లో ఒడ్డున పట్టిన ఎనిమోన్ గాజుపాత్రలో 1887 దాకా బతికింది, ఆయన పోయిన తర్వాత కూడా. అది మన రకం కాదు, చల్లని నీళ్లది, అయినా సంగతి అర్థమవుతుంది కదా, దీనికి ముసలితనమొచ్చి చచ్చే అవకాశం మన ఇళ్లలో లేదు, మనం చంపితేనే చస్తుంది.

ఎలా చంపుతామంటే, చిన్న ట్యాంకుతో. 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 15 ఎత్తు అంటే లెక్కకి 70 లీటర్లు, కానీ ఇసుక, రాళ్లు పోగా, పైన ఖాళీ వదలగా నికరంగా ఉండేది 55. ఎండాకాలంలో ఫ్యాను పెడితే రోజుకి లీటరున్నర ఆవిరైపోతుంది. ఉప్పు ఆవిరవదు. మూడు రోజులు పెళ్లికని ఊరెళ్లి మంచినీళ్లు కలపలేదనుకోండి, వెయ్యి పాళ్ల నీళ్లకి 35 పాళ్లున్న ఉప్పు 38 దాటేస్తుంది. అదే 150 లీటర్ల నీళ్లున్న ట్యాంకులో రోజుకి రెండున్నర లీటర్లు పోయినా మూడు రోజులకి 37 కూడా చేరదు. చేప ఆ మార్పుని ఓర్చుకుంటుంది, ఎనిమోన్ ముడుచుకుపోతుంది, ఎందుకంటే దానికి పొలుసూ లేదు, పెంకూ లేదు, ఒళ్లంతా నీళ్లే.

ఇక వేడి. దానికి 25, 27 డిగ్రీల మధ్య ఉంటే హాయి. దాని ఒంట్లో ఆల్గే అనే సన్నటి నాచు కణాలు ఉంటాయి, వెలుగు తీసుకుని దానికి తిండి చేసిపెట్టేవి అవే. నీళ్లు మరీ వేడెక్కితే వాటిని బయటికి గెంటేస్తుంది, తెల్లగా పాలిపోతుంది, ఆ తర్వాత మెల్లగా ఆకలితో పోతుంది. బరంపురంలో మే నెల సంగతి చెప్పాలా. ఫ్యాను పెడితే చల్లబడుతుంది కదా అంటారు, పొడిగాలి ఉన్న ఊళ్లో బాగానే చల్లబడుతుంది, మనకి సముద్రం పక్కనే, గాలంతా చెమట, ఫ్యాను రెండు డిగ్రీలు దించితే గొప్ప. నీళ్లని చల్లబరిచే చిల్లర్ కొనాలి, దాని ధర చూస్తే ట్యాంకు ధర చిల్లరలా కనిపిస్తుంది. ఈ విషయంలో మా తమ్ముడు అదృష్టవంతుడు, జయపురం కొండ మీద ఊరు, వేసవిలో వాడికి నాకున్నంత టెన్షన్ ఉండదు. కానీ డిసెంబరు రాత్రి అక్కడ హీటర్ లేకుండా కుదరదు, అది వాడికి నేను చెప్పేదాకా తట్టలేదు.

సరే, ఎనిమోనే కావాలని పట్టుబడితే ఏ రకం? చిన్న ట్యాంకు అన్నాక ఇక్కడ పోటీయే లేదు, చేతుల చివర బుడగల్లా ఉబ్బే బబుల్ టిప్ ఒక్కటే ఆలోచించాలి. కార్పెట్ ఎనిమోన్ చూడ్డానికి తివాచీలా ఉంటుంది, అరమీటరు దాటి పెరుగుతుంది, అంటుకుంటే వదలదు, దారి తప్పిన చేపని చుట్టేసి తినేస్తుంది. మాగ్నిఫికా ఇంకా పెద్దది, మీటరు దాకా పోతుంది, ఉధృతమైన నీటి ప్రవాహం, మండే వెలుగు అడుగుతుంది. ఇక్కడ ఒక తమాషా ఉంది. మనం కొనే ఒసెల్లారిస్ జాతి నీమో చేపలకి సముద్రంలో ఇల్లు ఈ మాగ్నిఫికా, కార్పెట్ జాతులే, బబుల్ టిప్ కాదు. ట్యాంకులో పెడితే బబుల్ టిప్‌లోకీ దూరతాయి, కానీ కొన్ని వారానికే దూరతాయి, కొన్ని ఏడాదైనా దాని వంక చూడవు. ఎనిమోన్ కొన్నాం కాబట్టి చేప అందులో పడుకుంటుందన్న గ్యారంటీ లేదు. నా దగ్గర ఆర్నెల్లపాటు అవి వేవ్‌మేకర్, అంటే నీళ్లని కదిలించే పంపు, పక్కనే పడుకున్నాయి.

నా మొదటి ఎనిమోన్ సెబె అనే రకం, పసుపుపచ్చది. ఒక పెద్ద ఊళ్లో షాపులో చూసి, ఇంత అందమైన రంగు ఎక్కడుంది అని మురిసిపోయి కొన్నాను. రంగు వేసిన సరుకట. లోపల ఆల్గే అంతా పోయి తెల్లబడిన దానికి రంగు పట్టించి అమ్ముతారు. కొన్ని వారాల్లో పసుపు కారిపోయింది, తర్వాత అదీ కరిగిపోయింది. నిమ్మపండు రంగు ఎనిమోన్ కనిపిస్తే దండం పెట్టి వచ్చేయండి. రెండోది నిజమైన బబుల్ టిప్, మంచిదే, తప్పు నాది. ఎనిమోన్‌కి కాలుంది, చోటు నచ్చకపోతే నడుస్తుంది. అప్పటిది రెండడుగుల ట్యాంకే, పెట్టి రెండు నెలలు కూడా కాలేదు, నీళ్లు ఇంకా కుదురుకోలేదు, దానికి చోటు నచ్చలేదు, రాత్రి నడిచి నడిచి వేవ్‌మేకర్‌లో పడింది. పొద్దున్న లేచేసరికి నీళ్లు పాలలా ఉన్నాయి, వాసన సంగతి చెప్పను. పెద్ద ట్యాంకులో అయితే ఒక్క ఎనిమోన్ పోయేది, 55 లీటర్లలో దాని అమ్మోనియాకి రెండు చేపలూ పోయాయి. కుండ ఎక్కడికీ నడవదు, కుళ్లదు. నేను కుండ అన్నప్పుడు నా మనసులో ఉన్నది ఆ పొద్దుట.

మధ్యేమార్గం లేదా అంటే ఉంది. టోడ్‌స్టూల్ అనే మెత్తటి పగడం, పుట్టగొడుగులా ఉంటుంది, కొన్ని క్లౌన్‌ఫిష్‌లు దాన్నే ఎనిమోన్ అనుకుని దొర్లుతాయి. అది నడవదు, వెలుగు కాస్త తక్కువైనా సర్దుకుంటుంది, అప్పుడప్పుడు మైనంలాంటి పొర వదిలి కొత్తగా తేలుతుంది. చేపలు మరీ రుద్దేస్తే విచ్చుకోకుండా మొహం మాడ్చుకుంటుంది, అదొక్కటే ఇబ్బంది. హ్యామర్ కోరల్ కూడా బాగుంటుందని ఎవరైనా చెబితే ఆగండి, అది రాతి పగడం, ఆ జాతులన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, ముచ్చట కోసం కేసు తెచ్చుకోకండి.

నీళ్ల గురించి కూడా తమ్ముడు అడిగాడు, "మీకు గోపాలపూర్ బీచ్ పక్కనే కదా అన్నయ్యా, రెండు డబ్బాలు తెచ్చుకుంటే అయిపోదా?" అని. మొదట్లో నేనూ స్కూటీ మీద డబ్బాలు మోశాను. వానాకాలంలో ఋషికుల్య నది నీళ్లు వచ్చి పడుతుంటే సముద్రంలో ఉప్పు తగ్గిపోతుంది, బురద, పైగా ఒడ్డున ఏం కలుస్తుందో ఎవరు చూశారు. వారం వారం ఒకే నీళ్లు కావాలి, సముద్రం వారం వారం మారుతుంది. ఆర్వో నీళ్లలో లీటరుకి 35 నుంచి 38 గ్రాముల సాల్ట్ మిక్స్ కలిపి, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో సాంద్రత 1.026 చూసుకోవడం ఖర్చే, కానీ నిద్ర పడుతుంది. ఈ మాట సముద్రానికి పదహారు కిలోమీటర్ల దూరంలో ఉండి చెబుతున్నాను.

ఇంకో భయం కరెంటు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, మా వీధుల్లో రోజుల తరబడి చీకటే. అప్పటికి నాకు ట్యాంకు లేదు, అదృష్టం. ఇప్పుడు అక్టోబరు వస్తే చాలు బ్యాటరీ ఎయిర్ పంపు ఛార్జింగులో పెడతాను. కుండా రెండు చేపలూ ఉన్న ట్యాంకుని ఆ పంపొక్కటీ రెండు రోజులు నెట్టుకొస్తుంది. ఎనిమోన్‌కి వెలుగు కూడా కావాలి, ఒకట్రెండు రోజులు చీకటి ఓర్చుకుంటుంది, వేడి ఓర్చుకోదు.

మరి నువ్వెందుకు పెట్టుకున్నావ్ అని వాడు అడగనే అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ట్యాంకు మూడడుగులది, పెట్టి ఏడాది దాటాక తెచ్చాను, నీళ్లలో పేరుకునే నైట్రేటు లీటరుకి పది మిల్లీగ్రాములు దాటనివ్వను, వేవ్‌మేకర్‌కి స్పాంజి తొడుగు ఉంది, చేపకి జబ్బు చేస్తే రాగి మందు వేరే టబ్బులోనే వేస్తాను, ఎందుకంటే అది ట్యాంకులో పడితే ఎనిమోన్ పని అయిపోయినట్టే. వారానికోసారి గోరంత పచ్చి రొయ్యముక్క పెడతాను, దాన్ని చేపలే లాక్కెళ్లి దాని నోట్లో పెడతాయి, చూడాల్సిన దృశ్యం, అబద్ధం చెప్పను. షాపులో కొనేటప్పుడు నోరు బిగించి ఉందా, కాలు చిరగలేదా, ముట్టుకుంటే వేలికి అతుక్కుంటోందా అని చూశాను. నోరు తెరుచుకుని వేలాడేది ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు.

విశాఖలో కొంటే సాలూరు ఘాట్ రోడ్డు మీద బస్సులో సంచీ ఊపుకుంటూ తీసుకెళ్లాలి, చేపలు తట్టుకుంటాయి, ఎనిమోన్ దారిలో జిగురు వదిలి ఆ సంచీ నీళ్లని తనే పాడుచేసుకుంటుంది. అందుకని తమ్ముడికి చెప్పింది ఇదీ: ముందు చేపలు, కుండ, ఒక ఏడాది. ఈలోగా ఉప్పు 35 దగ్గర నిలబెట్టగలిగితే టోడ్‌స్టూల్ తెచ్చుకో, ట్యాంకు పెద్దది చేస్తే అప్పుడు బబుల్ టిప్ గురించి ఫోన్ చెయ్యి. నిన్న ఫోటో పంపాడు. వాళ్లమ్మ పెరుగు తోడేసుకునే కుండ తెచ్చి బోర్లా పెట్టాడు, అంచు కాస్త విరగ్గొట్టి, అందులోంచి పెద్ద చేప తల బయట పెట్టి చూస్తోంది. పిన్ని మాత్రం నాతో మాట్లాడటం లేదు.