45 ట్యాంకులు కదలాలి: రైలా, ట్రైలరా, విమానమా?

మన సైన్యంలో ఒక ఆర్మర్డ్ రెజిమెంట్‌కు 45 ట్యాంకులు ఉంటాయి. స్క్వాడ్రన్‌కు 14 చొప్పున మూడు స్క్వాడ్రన్లు, హెడ్‌క్వార్టర్స్‌వి మరో మూడు. టీ-90 భీష్మ ఒక్కొక్కటి 46.5 టన్నులు కాబట్టి, ట్యాంకులే సుమారు 2,092 టన్నులు తూగుతాయి. లారీలు, మందుగుండు, మనుషులు ఇంకా అదనం. వీటిని సరిహద్దుకు చేర్చడానికి ఏది మేలు అని అడిగితే చాలామంది విమానం అంటారు, వేగం చూసి. ఆ లెక్క తప్పు. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు అందరికీ తట్టే ప్రశ్న: ట్యాంకుకు ఇంజన్ ఉంది కదా, నడుపుకుంటూ పోతే సరిపోదా? టీ-90లో లోపలి ట్యాంకుల్లో 1,200 లీటర్లు, వెనక తగిలించే రెండు డ్రమ్ముల్లో 400 లీటర్లు డీజిల్ పడుతుంది. అంతా కలిపి 550 కిలోమీటర్లు, అంటే కిలోమీటరుకు దాదాపు మూడు లీటర్లు. రెజిమెంట్ మొత్తం 300 కిలోమీటర్లు నడిస్తే 40 వేల లీటర్లు కాలిపోతాయి. డీజిల్‌ను ఎలాగో సమకూర్చుకోవచ్చు, అసలు నష్టం అది కాదు. ట్యాంకు ఇంజన్ ఆయుష్షును గంటల్లో లెక్కిస్తారు. చైను లింకుల్ని కలిపే పిన్నులు, వాటి చుట్టూ ఉండే రబ్బరు బుష్షులు తారురోడ్డు మీద వేగంగా అరుగుతాయి. మలుపు దగ్గర ఒక వైపు చైనును ఆపి తిప్పడంతో రోడ్డు కూడా లేచిపోతుంది. శత్రువు ముందు వాడాల్సిన గంటల్ని హైవే మీద ఖర్చు చేసినట్టే. 40, 50 కిలోమీటర్ల లోపైతే నడిపించండి. అంతకు మించితే ఎక్కించాల్సిందే.

రెండోది ట్రైలర్. దీని గొప్పతనం ఏమిటంటే స్టేషన్, విమానాశ్రయం ఏదీ అక్కర్లేదు. దళం ఉన్న చోటే ఎక్కి, కావలసిన చోటే దిగుతుంది. అమెరికా వాళ్ల ఎం1000 ట్రైలర్ సుమారు 63.5 టన్నులు మోస్తుంది, దానికి 40 టైర్లు. మన దగ్గర ప్రభుత్వ సంస్థ బెమ్ల్ 50 టన్నుల ట్యాంకు ట్రైలర్లు తయారు చేసింది. లాగే బండి, ట్రైలర్, పైన ట్యాంకు కలిస్తే 80 టన్నుల వరకు తూగుతుంది.

ఆ బరువును వంతెనలు ఆపుతాయా? మన జాతీయ రహదారుల వంతెనల్ని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి 70ఆర్ లోడింగ్‌కు కడతారు. అందులో 70 టన్నుల చైన్ల బండి లెక్క ఒకటి, 100 టన్నుల చక్రాల బండి లెక్క ఒకటి. చైన్ల బండి నేలను తాకే పొడవు 4.57 మీటర్లు, ఒక్కో చైను వెడల్పు 84 సెంటీమీటర్లు అని కూడా రాసి ఉంటుంది. మనం కారులో దాటే వంతెన డిజైనులో ఒక ట్యాంకు ముందే నడిచి ఉంటుందన్నమాట. అదే లెక్కలో ఒక చక్రాల బండి తోకకు, వెనక బండి ముక్కుకు మధ్య కనీసం 30 మీటర్లు దూరం ఉండాలి. వంతెన మీద రెండు ట్రైలర్లు దగ్గరగా వస్తే ఆ లెక్క చెల్లదు. కాన్వాయ్ కమాండర్లు ఈ దూరం దగ్గర గట్టిగా ఉండటానికి కారణం ఇదే.

హైవే దిగాక కష్టం మొదలవుతుంది. ఊరి రోడ్డు మీది పాత కల్వర్టుకు, కాలువ మీది ఇటుక ఆర్చికి 70ఆర్ అంటే ఏమిటో తెలియదు. ట్యాంకు వెడల్పు 3.78 మీటర్లు కాబట్టి ఎదురుగా వచ్చే బస్సు ఎక్కడో ఒకచోట ఆగాలి. 45 ట్రైలర్లు 100 మీటర్ల ఎడంతో నడిస్తే కాన్వాయ్ పొడవు ఐదున్నర కిలోమీటర్లు దాటుతుంది. ఎండాకాలంలో టైర్లు వేడెక్కి పేలతాయి. లోపలి వరుసలో గాలి తగ్గిన టైరు పైకి కనిపించదు. దాని బరువంతా పక్క టైరు మీద పడి, గంటలో రెండూ పోతాయి. ఆగిన ప్రతిచోటా అన్ని టైర్లనూ చేత్తో తాకి చూడాలి. మిగతావాటికంటే వేడిగా తగిలినదే తర్వాత పోయేది.

ఇక రైలు. బరువు రైలుకు సమస్యే కాదు. మామూలు బొగ్గు రేకు (గూడ్సు బండి) ఒక్కటే మూడున్నర వేల టన్నులకు పైగా మోస్తుంది. అసలు తలనొప్పి వెడల్పు. మన బ్రాడ్‌గేజ్ మీద బండి వెడల్పు హద్దు 3.25 మీటర్లు. టీ-90 రెండు పక్కలా 26 సెంటీమీటర్ల చొప్పున బయటికి వస్తుంది. పక్క స్కర్టులు (చైన్లను కప్పే పలకలు) విప్పేసినా చైన్ల మీదుగా 3.37 మీటర్లు ఉంటుంది, అదీ హద్దు దాటినట్టే. కాబట్టి ప్రతి ట్యాంకు రైల్వే భాషలో ఓడీసీ, అంటే కొలత మించిన సరుకు. ఏ దారిలో ఏ ప్లాట్‌ఫారం అంచు, ఏ సిగ్నల్ స్తంభం, ఏ గర్డరు ఎంత దగ్గరగా ఉందో కొలిచి, దాన్నిబట్టి వేగం హద్దు పెట్టి అనుమతిస్తారు. పక్కన మరీ తక్కువ ఎడం మిగిలే తరగతి సరుకైతే పగటిపూట మాత్రమే నడుస్తుంది.

రైలు ప్రయాణం బాగుందా లేదా అన్నది ఎక్కువగా రాంపు (వ్యాగన్ మీదికి ఎక్కించే వాలు) దగ్గరే తేలిపోతుంది. అందుకే అక్కడ కాసేపు ఆగుదాం. వ్యాగన్ చివరి నుంచి ఎక్కించే రాంపు అయితే మొదటి ట్యాంకు వరుసలోని వ్యాగన్లన్నీ దాటుకుంటూ చివరిదాకా పోవాలి. 46 టన్నులు వ్యాగన్ కొసమీదికి రాగానే వ్యాగన్ కింది చక్రాల ఇరుసుకు అవతలి చివర పైకి లేస్తుంది. అందుకని కొస కింద ముందే స్లీపర్ దిమ్మలు పేర్చాలి. డ్రైవర్ కూర్చున్న చోటి నుంచి చైన్ల అంచు కనిపించదు. ఎదురుగా ఒక్కరే నిలబడి చేతులతో దారి చూపాలి. ఇద్దరు చూపితే డ్రైవర్ ఎవరి మాట వినాలో తేల్చుకునేలోపు చైను వ్యాగన్ పలకల అంచు దాటుతుంది. ట్యాంకును రాంపు కిందే వ్యాగన్‌కు సూటిగా నిలపాలి. వ్యాగన్ మీదికి వచ్చాక తిప్పితే చైను పలకల్ని నమిలేస్తుంది, ట్యాంకు ఒక పక్కకు జరుగుతుంది. చైన్ల అంచు రెండు పక్కలా సమంగా బయటికి ఉందో లేదో టేపుతో కొలుస్తారు. తేడా వస్తే దించి మళ్లీ ఎక్కించడమే, అడ్డదారి లేదు. వాన పడితే ఇనుప రాంపు మీద ఇనుప చైను జారుతుంది. ఇసుక బస్తాలు సిద్ధంగా ఉంచుకోండి.

ఎక్కాక టరెట్‌కు (పైన తిరిగే గోపురానికి) తాళం వేసి, ఫిరంగి గొట్టం కదలకుండా బిగించాలి. గొట్టంతో కలిపి టీ-90 పొడవు తొమ్మిదిన్నర మీటర్లు, ఒడలు మాత్రం ఏడు మీటర్ల లోపే. గొట్టం ముందుకే ఉంటే అది పక్క వ్యాగన్ మీదికి చాచుకుని, మలుపులో అడ్డంగా ఊగుతుంది. వెనక డ్రమ్ములు, యాంటెన్నాలు తీసేస్తారు. పైన 25 వేల వోల్టుల తీగ ఉంటుంది కాబట్టి, దాని కింద టరెట్ మీద మనిషి నిలబడకూడదు. తీగను తాకనక్కర్లేదు, రెండు మీటర్ల లోపుకు వెళ్తేనే ప్రమాదం. తర్వాత చైన్ల ముందూ వెనకా చెక్క ఆప్పులు (అడ్డు దిమ్మలు) కొట్టి, నాలుగు మూలల నుంచి గొలుసులు లాగి టర్న్‌బకిల్‌తో (తిప్పి బిగించే మరతో) బిగిస్తారు. మొదటి 20, 30 కిలోమీటర్ల కుదుపులకు ఆప్పులు సర్దుకుని గొలుసులు వదులవుతాయి. తొలి హాల్టులోనే మళ్లీ బిగించకపోతే మిగతా దారంతా అవి వదులుగానే ఉంటాయి. ఇంజన్ లేకుండా తోసి వదిలే షంటింగ్ ఈ వ్యాగన్లకు పనికిరాదని మార్షలింగ్ యార్డు (వ్యాగన్లను రైళ్లుగా కూర్చే చోటు) వాళ్లకు ముందే చెప్పాలి.

మన అర్జున్ ట్యాంకు అయితే కథ ఇంకాస్త ముదురుతుంది. మొదటి రకం 58.5 టన్నులు, వెడల్పు 3.86 మీటర్లు. దానికోసం ప్రత్యేకంగా బీఎఫ్ఏటీ వ్యాగన్లు చేయాల్సి వచ్చింది. 2021లో రూ.7,523 కోట్లతో 118 ఆర్డర్ ఇచ్చిన మార్క్-1ఎ 68 టన్నులకు చేరింది. వ్యాగన్ సొంత బరువు 25 టన్నులు అనుకుంటే, నాలుగు ఇరుసుల మీద ఒక్కో ఇరుసుకు 23 టన్నులు దాటుతుంది. మన సరుకు రైళ్ల ఇరుసు హద్దు చాలా మార్గాల్లో 22.9 టన్నుల దగ్గరే ఉంది.

అందుకే ట్యాంకు కొనేటప్పుడే ఈ చర్చ జరగాలని గట్టిగా అంటాం. 2001 ఒప్పందంలో 310 టీ-90లలో 124 తయారై వచ్చాయి, 186 విడిభాగాలుగా వచ్చి చెన్నై దగ్గరి ఆవడి ఫ్యాక్టరీలో బిగించబడ్డాయి. పూర్తి ట్యాంకు ఓడ దిగిన రోజు నుంచే ఓడీసీ. విడిభాగాలైతే రేవు నుంచి ఫ్యాక్టరీ దాకా మామూలు సరుకులా వస్తాయి, కాకపోతే బిగించేదాకా ఆగాలి. తొందర లేకపోతే విడిభాగాల దారే మేలు, ఎందుకంటే బాగుచేయడం తెలిసిన చేతులు ఇక్కడే తయారవుతాయి.

ఇప్పుడు విమానం. వైమానిక దళానికి 11 సీ-17 భారీ రవాణా విమానాలున్నాయి. ఒక్కోటి గరిష్ఠంగా 77.5 టన్నులు మోస్తుంది, కాబట్టి టీ-90 ఒకటే పడుతుంది. రెజిమెంట్‌కు 45 ట్రిప్పులు. లేహ్ విమానాశ్రయం 10 వేల అడుగుల పైన ఉంది. గాలి పలుచన, మధ్యాహ్నం ఈదురుగాలులు, అందుకే పని ఎక్కువగా పొద్దున పూటే జరుగుతుంది. విమానంలో కట్టడం కూడా చిన్న పని కాదు. ముందుకు మూడు రెట్ల గురుత్వం తట్టుకోవాలన్నది అమెరికా వాళ్ల ప్రమాణం, అంటే 46.5 టన్నులకు 140 టన్నుల పట్టు. గొలుసు 11.3 టన్నులు పడుతుందనుకుంటే ముందు దిశకే 13 కావాలి. గొలుసు ఏటవాలుగా వెళ్తుంది కాబట్టి పట్టు తగ్గి, లెక్క ఇంకా పెరుగుతుంది. చైన్ల కింద బరువు పరుచుకునేలా చెక్క పలకలు వేయాలి.

అయినా విమానానికి ప్రత్యామ్నాయం లేని సమయాలున్నాయి. 1962 అక్టోబరులో ఆరు ఏఎంఎక్స్-13 తేలిక ట్యాంకుల్ని ఏఎన్-12 విమానాలు లద్దాఖ్‌లోని చుషూల్‌లో దించాయి. 1990లో ఐఎల్-76 రవాణా విమానాలు టీ-72లను లేహ్ చేర్చాయి. 2020లో చైనాతో గల్వాన్ ఘర్షణ తర్వాత టీ-72, టీ-90లతోపాటు మన మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ చేసే బీఎంపీ-2 పదాతిదళ కవచ బండ్లూ ఆకాశమార్గాన లద్దాఖ్‌కు వెళ్లాయి. 14 టన్నుల చిల్లర ఉండే బీఎంపీలైతే ఒకే ట్రిప్పులో ఒకటి కంటే ఎక్కువ పడతాయి. 25 టన్నుల జోరావర్ తేలిక ట్యాంకు అవసరం అర్థమయ్యేదీ ఇక్కడే: బరువు లెక్కలో ఒక సీ-17కు రెండు.

ఓడ గురించి ఒక్క మాట. శార్దూల్ తరగతి నౌక 11 ట్యాంకుల్ని మోసుకుపోయి ఒడ్డునే దించగలదు. విశాఖలో ఉండే ఐఎన్ఎస్ జలాశ్వ కూడా ఈ పనికే. ద్వీపాలకు, సముద్రం అవతలి తీరానికి అది తప్ప దారి లేదు. రాజస్థాన్ సరిహద్దుకు అది పనికిరాదు.

మా తీర్పు ఇది. 300 కిలోమీటర్లు దాటితే రైలు, దానికి రెండు చివర్లా ట్రైలర్. 50 నుంచి 300 మధ్య ట్రైలర్, వంతెనల జాబితా చేతిలో ఉంటేనే. విమానం మొదటి స్క్వాడ్రన్‌కు మాత్రమే, అదీ దారి మంచుతో మూసుకుపోయినా, వారం రోజులు ఆగే వీలు లేకపోయినా. మిగతా రెండు స్క్వాడ్రన్లకు అదే రోజు రైల్వేకు ఓడీసీ కొలతలు పంపండి. సీ-17 మొదటి ట్యాంకును దించేలోపు వ్యాగన్లు సైడింగ్‌కు (ఎక్కించే పక్క పట్టాలకు) చేరాలి.